బూరుగుచెలిమ గడి దర్వాజ

ఫిబ్రవరి 4, 1996. ఆదివారం.

బూరుగుచెలిమ దొరల గడి మీద నా వ్యాసం ఈ రోజు అచ్చయింది. సబ్బు ప్రకటన వచ్చి చివరి రెండు పేరాలు ఎగిరిపోయాయి. ఒకటి దొరల కాలపు వెట్టి గురించి. రెండోది, గడి వసారాలో ఇప్పుడు ఊరి బడి నడుస్తోందన్న పేరా. కొలతలు మాత్రం మిగిలాయి. ఆదివారం అనుబంధం చూసే వీరరాఘవరావు గారికి కొలతలంటే గౌరవం.

మేడిచెర్ల తాలూకా కట్టడాల మీద ఈ కాలమ్ మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. బురుజులు, మెట్ల బావులు, నైజాం నాటి కచేరీ, ముసాఫిర్‌ఖానా. బస్సెక్కి వెళ్తాను. టేపు పట్టి కొలుస్తాను. కట్టడం ఎవరిది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అన్నీ కనుక్కుని రాస్తాను. విశేషణాలు వాడను. అద్భుతమైన స్తంభం అంటే పాఠకుడికి ఏమీ తెలియదు. ఒకే మానుతో తీసిన పదకొండడుగుల టేకు స్తంభం అంటే తెలుస్తుంది.

పొద్దున బాలకిషన్ పేపరు పట్టుకునే వచ్చాడు. నా భార్య నళిని తమ్ముడు. రాంనగర్‌లో పాత కలప వ్యాపారం. కూల్చిన ఇళ్ల దూలాలు, తలుపులు కొని అమ్ముతాడు. ఈ మధ్య చరిత్ర మీద ఆసక్తి పుట్టింది. ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఉప్మా తింటూ అడిగాడు, స్తంభాలకు చెద పట్టిందా అని. లేదన్నాను. వారసుల సంగతి అడిగాడు. అన్నదమ్ములిద్దరూ బర్కత్‌పురాలో ఉంటారని, మాటల్లేవని, చిన్నవాడికి డబ్బు అవసరం ఉన్నట్టుందని చెప్పాను. ఆ చివరి ముక్క వార్తలో రాయలేదు. రాయదగింది కాదు.

అశోక్‌నగర్‌లో మా ఇంటి గోడలు కిటికీల ఎత్తుకు వచ్చాయి. ఇక దర్వాజ నిలపాలి. కొత్త టేకు మన వల్ల కాదని నళిని అంటోంది. లేస్తూ బాలకిషన్ అన్నాడు, అక్క ఇంటికి దర్వాజ పుట్టింటి నుంచే రావాలి, నేను చూసుకుంటానని. మంచివాడు.

ఫిబ్రవరి 7

గడి మీద నాలుగు ఉత్తరాలు. అన్నీ దర్వాజ గురించే. చిలకల చెక్కడం ఫొటోలో బాగా వచ్చింది.

ఫిబ్రవరి 25. ఆదివారం.

దర్వాజ నిలిపాము. ముహూర్తం పొద్దున్నే. నళిని పసుపు పూసి, కుంకుమ పెట్టి, గడప కింద నవధాన్యాలు వేసింది. చిక్కడపల్లి నుంచి మేముండే అద్దె ఇంటి ఓనరు దంపతులు కూడా నడిచి వచ్చారు.

పాత టేకు. చిత్రిక పట్టి, నల్లగా వార్నీషు వేశారు. పై కమ్మీ మీద చెక్కడం ఉంది. ఎక్కడిదని అడిగాను.

"పాతిండ్ల కర్ర, బావా. కోఠి దిక్కు ఒక హవేలీ కూలగొట్టిన్రు."

కోఠిలో హవేలీలు కూలగొడుతున్నారు. ఇది నిజం. నేనే రెండు వార్తలు రాశాను.

అందరూ వెళ్లాక టేపు తీసి కొలిచాను. అలవాటు.

మార్చి 3

ముసాఫిర్‌ఖానా అచ్చయింది. కొలతలు మరీ ఎక్కువయ్యాయని డెస్క్‌లో ఎవరో అన్నారట. కొలత లేని వార్త పుకారు.

మార్చి 12

మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్. మేడిచెర్ల ఎస్టీడీ బూత్ నుంచి విజయశ్రీ అనే టీచరు. బూరుగుచెలిమ బడి ఆమెది. నేను వెళ్లిన రోజు పిల్లల చేత నమస్కారం చెప్పించింది.

ఆమె చెప్పింది చెప్పినట్టు: ఫిబ్రవరి మధ్యలో లారీ వచ్చింది. గడి వారసుల్లో చిన్నతను సంతకం పెట్టిన కాగితం చూపించారు. వసారా స్తంభాలు, పెద్ద దర్వాజ తీసుకుపోయారు. స్తంభాల చోట సన్నటి సర్వి కర్రల బాదులు నిలబెట్టారు. మొన్న ఆదివారం గాలికి బాదులు జారి వసారా కప్పు కూలింది. సెలవు గనక పిల్లలు లేరు.

ఇప్పుడు పాఠాలు గడి వాకిట్లో, ఎండలో. కప్పు లేకపోతే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామని మండల విద్యాధికారి చెప్పాడట. దారిలో వాగుంది. మగపిల్లలు వెళ్తారు, ఆడపిల్లల్ని ఇళ్లలో ఆపేస్తారు అంది టీచరు.

"వేసవి సెలవుల్లో కప్పు పడితే బడి ఉంటది సార్. మీరు రాస్తే పడతది."

కనుక్కుంటానన్నాను.

మార్చి 13

అశోక్‌నగర్ వెళ్లాను. ఫిబ్రవరి 4 నాటి అనుబంధం వెంట తీసుకెళ్లాను. ఎత్తు, వెడల్పు, పై కమ్మీ మందం, చిలకల సంఖ్య, కుడి పక్క చిలకకు విరిగిన ముక్కు. మందంలో మాత్రం అర అంగుళం తేడా ఉంది. చిత్రిక పడితే అంత పోతుంది.

సిమెంటు ఇంకా తడిగానే ఉంది. మేస్త్రీ రోజూ నీళ్లు కొడుతున్నాడు.

మార్చి 14

నళినికి చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

"మీకు ఇయ్యాల తెలిసిందా?" అంది.

తెలిసి ఉంటే ఆ దర్వాజ తీసుకునేవాణ్నా అన్నాను.

"ప్రతి ఐతారం వాడు అడగంగ, మీరు చెప్పంగ, నేను ఉప్మా వడ్డించుకుంట విన్న. నాకు తెలిసింది. పేపర్ల పని చేసేది మీరు. మీకెట్ల తెల్వకపాయె?"

నేను చెప్పింది అచ్చయిన సంగతులే అన్నాను. వారసుడి డబ్బు అవసరం గురించి చెప్పింది గుర్తుంది. అది అచ్చవలేదు. నళినికి ఆ మాట అనలేదు.

దర్వాజ తిరిగి పంపేద్దామన్నాను. చాట కింద పెట్టింది. పూజ చేసి నిలిపిన దర్వాజను ఎవరైనా ఊడబీకుతారా, ఊడబీకితే ఆ ఇల్లు పాడుపెట్టినట్టే అంది. అయినా ఆ ఒక్క దర్వాజ పంపితే కప్పు నిలుస్తుందా, స్తంభాలు ఎక్కడున్నాయో వాణ్ని అడిగారా అంది.

ఆమె ఒప్పుకోలేదు. నేను రెండోసారి అడగలేదు.

మార్చి 15

రాంనగర్ వెళ్లాను. బాలకిషన్ కుర్చీ వేయించి, గోలీసోడా తెప్పించాడు. దొంగతనం అన్న మాట వాడాను. నవ్వాడు.

"నన్ను దొంగను జేసి మాట్లాడకు బావా. చిన్నదొర తన వాటా అమ్ముకున్నడు, నేను కొన్న. బాదులు పెట్టిచ్చి మరీ తీసిన. ఇంకెవడన్న అయితే అట్లనే పీక్కొచ్చేటోడు."

అక్కడ బడి ఉంది కదా అన్నాను.

"నీ పేపర్ల బడి ముచ్చటే లేదు గద. మొత్తం జదివిన. తాళం దుర్గయ్య దగ్గర ఉంటుంది, వారసులు బర్కత్‌పురాలో నివసిస్తున్నారు, చెద లేదు. నీ వాక్యాలు నాకు కంఠతా వస్తయి. పంతుళ్ల పాఠాలు గిట్ల నేర్చుకుంటే ఎప్పుడో ఎస్సెస్సీ పాసయ్యేటోణ్ని."

వెళ్లినప్పుడు బడి కనపడలేదా అన్నాను. సోడా సీసా పక్కన పెట్టాడు.

"నల్లబల్ల ఉండె. పలగకుండ పక్కకు పెట్టిచ్చిన."

కచేరీ కిటికీలు, మెట్ల బావి పక్క మండపపు దూలాలు కూడా ఇతనే తెచ్చాడు. అడిగితే చెప్పాడు. దాచలేదు. గడి స్తంభాలు హిమాయత్‌నగర్‌లో కొత్తగా పెట్టిన హోటల్‌కు వెళ్లాయి. పల్లెటూరి ఇల్లులాగా కట్టారట, గిరాకీ బాగుందట.

ఎవరితోనూ అనకు అని అతను నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాడు.

మార్చి 19

బదిలీ మీద వెళ్తున్న సబ్ ఎడిటర్‌కు ఆఫీసు తరఫున భోజనం. ఎక్కడో ముందుగా చెప్పలేదు. హిమాయత్‌నగర్ అన్నప్పుడు అర్థమయింది.

స్తంభాలు నాలుగూ హాలు మధ్యలో ఉన్నాయి. వాటి మధ్య చేతులు కడుక్కునే చోటు.

వీరరాఘవరావు గారు ఒక స్తంభాన్ని తట్టి చూశారు. "ఇవి అచ్చం మీ తాలూకా సరుకులాగే ఉన్నాయండీ. మీరే చెప్పాలి, ఎన్నాళ్లవంటారు?"

ఎనభై ఏళ్లు దాటి ఉంటాయన్నాను. ఒకే మానుతో తీశారని, అడుగున రాతి దిమ్మె ఉండాల్సిందని, ఇక్కడ సిమెంటు పోశారని చెప్పాను. అందరూ విన్నారు. సర్వరు కూడా నిలబడి విన్నాడు. ఏ ఊరివో ఎవరూ అడగలేదు.

పప్పు బాగుంది.

మార్చి 24. ఆదివారం.

దుర్గయ్య వచ్చాడు.

బూరుగుచెలిమలో గడి తాళం ఇతని దగ్గరే ఉండేది. బడి కమిటీలో కూడా ఉన్నాడు. ఇద్దరు మనవరాళ్లు అక్కడే చదువుతారు. ఆఫీసుకు వెళ్తే, నేను ఆదివారాలు అశోక్‌నగర్‌లో ఇంటి పని దగ్గర ఉంటానని వాచ్‌మన్ చెప్పాడట. లైబ్రరీ దగ్గర దిగి, అడుక్కుంటూ వచ్చాడు.

నేను లోపల గోడల గిలాబు పని చూస్తున్నాను. బయటికి వచ్చేసరికి అతను వీధిలో ఇసుక కుప్ప అవతల నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. మార్చి ఎండ, తారు రోడ్డు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. దర్వాజనే చూస్తున్నాడు.

చెప్పులు వేసుకోమన్నాను. అప్పుడు వాటిని చూసుకున్నాడు, తన చేతిలో ఎందుకున్నాయో తెలియనట్టు.

"దీని ముంగట చెప్పులతోని నిలవడ్డడని మా నాయినను కొరడతోని కొట్టిన్రు సార్. నాకు అప్పుడు పదేండ్లు. కాళ్లు మర్వవు."

చెప్పులు కింద వేసి తొడుక్కున్నాడు. దగ్గరికి వచ్చి కమ్మీ మీద వేలితో రాశాడు.

"మస్తు నున్నగ చేసిన్రు. గడిల ఉన్నప్పుడు గింత సోకు లేకుండె."

నాకు తెలియకుండా జరిగిందని చెప్పాను. నళిని తమ్ముడు తెచ్చాడని చెప్పాను. అడగకుండానే చెప్పాను. అతను విన్నాడు. మీరు పేపర్లో ఎరుకతోనే అలా రాశారని ఊళ్లో ఎవరూ అనడం లేదన్నాడు. అలా అనడం లేదంటే, ఆ చర్చ ఊళ్లో జరిగిందన్న మాట.

మేస్త్రీ టీ తెప్పించాడు. దుర్గయ్య ఇటుకల మీద కూర్చుని తాగాడు. నేను కూడా ఇటుకల మీదే కూర్చున్నాను. గడి పోయినందుకు బాధగా ఉందన్నాను. అతను టీ గ్లాసు దించాడు.

"గడి మీద మాకేం ప్రేమ సార్? దొరలు పోయినంక మేమే కూలగొడుదుమనుకున్నం. బడి పెడ్తమంటే ఆగినం. నా మనవరాండ్లు గీ దర్వాజల నుంచే చెప్పులేస్కొని ఉరుక్కుంట పోతుంటే, మా నాయిన చూసి నవ్వి సచ్చిండు. మాకు గదే కావాలె."

ఏం కావాలో వివరంగా చెప్పాడు. ఏం జరిగిందో పేపర్లో రావాలి. ఎవరు తీసుకుపోయారో, కర్ర ఇప్పుడు ఎక్కడుందో రావాలి. అలా వస్తే తీసుకున్నవాళ్లు సిగ్గుకైనా కప్పు వేయిస్తారు. ఊళ్లో కూలీ లేకుండా పని చేయడానికి మనుషులున్నారు. ఉత్త కప్పే కావాలి. రేకులైనా సరే. లారీ వచ్చిన రోజు పిల్లలు దాని నంబరు పలక మీద రాసుకున్నారు. ఆ నంబరు చెప్పాడు. రాసుకున్నాను.

"మీ ఇంటోళ్ల పేరు వస్తది. కష్టమే. కానీ రాయిన్రి" అన్నాడు.

రాస్తానన్నాను.

బస్‌స్టాప్ దాకా దిగబెట్టాను.

మార్చి 26

రాశాను. నాలుగుసార్లు రాశాను. పంపింది నాలుగోది.

శీర్షిక: బూరుగుచెలిమలో శిథిల గడి, విద్యార్థులకు ప్రాణభయం. కప్పు కూలిన తేదీ, తరగతుల సంఖ్య, టీచరు మాటలు, మండల విద్యాధికారి మాటలు, గోడల్లో పగుళ్ల పొడవు. స్తంభాలు, దర్వాజ తొలగించింది గుర్తు తెలియని వ్యక్తులు.

కేసు లేదు. కేసు లేకుండా పేరు వేయకూడదు. ఇది పత్రిక నియమం, నేను పెట్టింది కాదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఇదే చెప్పాను.

లారీ నంబరు వేయడానికి నియమం అడ్డురాదు. వేయలేదు.

మార్చి 28

జిల్లా పేజీలో వచ్చింది. ఒక్క అక్షరం కోయలేదు.

మార్చి 29

నళిని చదివింది. మడిచి అటక మీద పెట్టింది. పాత పేపర్లు పెట్టే చోటు అది కాదు.

ఏప్రిల్ 5

వార్త పనిచేసింది. ఎన్నికలు దగ్గరికి వచ్చాయి. బూరుగుచెలిమ పోలింగు ఆ గడిలోనే జరగాలి. ప్రాణభయం అన్న మాట చూసి కలెక్టరు ఇంజనీరును పంపాడు. గోడల పగుళ్లు నేను రాసినంత పొడవే ఉన్నాయి. గడి ప్రమాదకరమని తేల్చి, పూర్తిగా కూల్చాలని ఉత్తర్వు ఇచ్చారు. పోలింగు కేంద్రం పక్క ఊరికి. బడి కూడా పక్క ఊరికి.

సాయంత్రం విజయశ్రీ ఫోన్ చేసింది.

"కప్పు లేదని రాస్తరనుకున్న సార్. మీరు గోడలు పడ్తయని రాసిన్రు. గోడలు మంచిగనే ఉండె. పగుళ్లు నేను చదువుకున్నప్పటి నుంచి ఉన్నయి."

పగుళ్లున్న మాట నిజమే కదా అన్నాను.

"నిజమే సార్" అంది. బూత్‌లో మీటరు తిరుగుతోంది, పెట్టేస్తానంది.

ఆ పేరా ఎందుకు రాశానో ఆలోచించాను. పేరు లేని వార్తకు బరువు కావాలి. పగుళ్లు బరువిచ్చాయి.

ఏప్రిల్ 7

ఆదివారం. బాలకిషన్ రాలేదు. వేరే పని ఉన్నట్టుంది.

ఏప్రిల్ 13

కలెక్టరును కలుద్దామనుకున్నాను. ఎన్నికల హడావిడిలో ఉన్నాడట.

ఏప్రిల్ 28. ఆదివారం.

బాలకిషన్ వచ్చాడు. మిఠాయి పొట్లం తెచ్చాడు. కూల్చిన గడిలో మిగిలిన కలపకు మండలాఫీసులో వేలం వేశారు. దూలాలు, పై అంతస్తు తలుపులు, మెట్ల చెక్కలు. పాట ఇతనికే వచ్చింది. పోటీకి ఎవరూ రాలేదు. ఆ కలప సంగతి బయట ఎవరికీ తెలియదన్నాడు.

జేబులోంచి కాగితం తీసి టీపాయ్ మీద పరిచాడు. ప్రభుత్వ ముద్ర ఉంది.

"ఈసారి రసీదు ఉన్నది, బావా. ఇగ నువ్వు నన్ను దొంగ అననీకి లేదు."

మా కిటికీలకు సరిపడా కర్ర పక్కన పెట్టించానని అన్నాడు. నళిని వంటింట్లోంచి వింటోంది. వద్దని ఆమె అంటుందనుకున్నాను. నేను అంటానని ఆమె అనుకుని ఉంటుంది.

ఉప్మాలో జీడిపప్పు వేసింది.

మే 19

గృహప్రవేశం. వీరరాఘవరావు గారు సకుటుంబంగా వచ్చారు. దర్వాజ దగ్గర ఫొటో దిగారు. ఇలాంటిది ఈ రోజుల్లో దొరకదండీ అన్నారు. పుట్టింటివాళ్లు పెట్టారని నళిని చెప్పింది.

చెప్పులు బయట విడవమని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. శుభకార్యం కదా, అందరూ వాళ్లంతట వాళ్లే విడిచారు.

జూన్ 12

బడులు తెరిచారు.

జూన్ 21

నేనే ఫోన్ చేశాను, పక్క ఊరి బడికి. విజయశ్రీని అక్కడే వేశారు. బూరుగుచెలిమ నుంచి ఆడపిల్లలు ఎంతమంది వస్తున్నారని అడిగాను. చెప్పింది. దుర్గయ్య మనవరాళ్ల గురించి అడిగాను. పెద్దది మిరప చేలోకి పోతోంది, చిన్నది ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుంటోంది అంది. దుర్గయ్యకు ఏమైనా చెప్పమంటారా అని అడిగింది. ఏమీ లేదన్నాను.

ఆమె చెప్పిన అంకె ఆఫీసు పుస్తకంలో వేసుకున్నాను. ఇక్కడ వేయను. మంచి వార్త అవుతుంది. విద్యాసంవత్సరం మొదట్లో ఇలాంటి వార్తలకు చోటు ఉంటుంది. ఈ వారం తీరిక లేదు.

జూన్ 25

వచ్చే ఆదివారం ఏ కట్టడమని వీరరాఘవరావు గారు అడిగారు. రెండు వారాలుగా కాలమ్ ఇవ్వలేదు, పాఠకులు అడుగుతున్నారట. మేడిచెర్ల దాటాక గుట్ట మీద దర్గా ఉందన్నాను.

"తలుపు ఉందాండీ దానికి? ఫొటోకు తలుపు బాగుంటుంది."

ఉందన్నాను. ఎంత ఎత్తని అడిగారు.

చెప్పాను.